పూరుని మౌనం : తెలుగు సాహిత్యంలో వార్ధక్యం, పాతబస్తీలో పరీక్షల దినచర్య

తెలుగులో వార్ధక్యం వస్తువుగా వచ్చిన రచనలకు కొదవ లేదు. వృద్ధాశ్రమం, విదేశాల్లో స్థిరపడిన సంతానం, అన్నదమ్ములు వంతులు వేసుకున్న తల్లిదండ్రులు అనే మూడు ఇతివృత్తాల చుట్టూ ఇటీవలి దశాబ్దాల కథ ఎక్కువగా తిరిగింది. ఈ కథల్లో వృద్ధులు బాధపడతారు, ఎదురుచూస్తారు, మరణిస్తారు. పరగడుపున రక్తం ఇచ్చి, తిన్న రెండు గంటలకు మళ్లీ ఇవ్వడం కోసం బల్లమీద కూర్చుని ఉండే వృద్ధులు మాత్రం అరుదు. నేడు అరవై దాటిన వారి జీవితంలో పరీక్షలు, మందుల వేళలు, పథ్యం ఆక్రమించిన చోటు చిన్నది కాదు. ఆ దినచర్య మన సాహిత్యానికి ఎందుకు లొంగలేదన్నది ఈ వ్యాసం ప్రశ్న.

జర వాదోపవాదాలకు వస్తువైన ప్రసిద్ధ సందర్భం ఆదిపర్వంలోని యయాతి వృత్తాంతం. శుక్రుని శాపంతో అకాల వార్ధక్యం పొందిన యయాతి, తన ముదిమిని తీసుకొని యౌవనాన్ని ఇమ్మని కుమారులను వరుసగా అడుగుతాడు. నన్నయ తెనిగించిన ఈ ఘట్టాన్ని వ్యాసభారతంతో కలిపి చదివితే ఒక విశేషం బయటపడుతుంది. సంస్కృత మూలంలో యయాతి తన స్థితిని గురించి చెప్పుకొనేది చాలా తక్కువ: ముడతలు, నెరసిన వెంట్రుకలు. అద్దం చూపగలిగిన వాటిని మించి అతడేమీ చెప్పడు. వివరాలు చెప్పేవారు నిరాకరించిన కుమారులు. అన్నపానాల మూలంగా జరలో అనేక దోషాలు కలుగుతాయని యదువు అంటాడు. బలం, రూపం, బుద్ధి నశిస్తాయని తుర్వసువు, మాట తడబడుతుందని ద్రుహ్యువు తప్పుకొంటారు. అనువు ఆక్షేపణ అన్నిటికంటె నిశితమైనది. ముదుసలి పసివానివలె వేళగాని వేళ తింటాడు, శౌచం పాటించలేడు, వేళకు అగ్నిలో వేల్వలేడు. అంటే అనువు దృష్టిలో జర బలహీనత కంటె ముందు కాలనియమం తప్పడం.

ఇదంతా యౌవనంలో ఉన్నవారి సాక్ష్యం. అనుభవించిన వాని సాక్ష్యం పూరుడు ఇవ్వాలి. అతడు తండ్రి ముదిమిని స్వీకరించి వేయి సంవత్సరాలు మోశాడు. ఆ వేయేండ్లూ కథ యయాతి భోగాల వెంట నడుస్తుంది. పూరుడు ఉదయం ఎలా లేచాడో, ఏ వేళకు ఏమి తిన్నాడో, సోదరులు ఎంచిన దోషాల్లో ఏవి నిజమని తేలాయో కావ్యం చెప్పదు. అతని ఓర్పు రాజ్యప్రాప్తికి కారణంగా మాత్రమే మిగిలింది. దీనిని ఈ వ్యాసంలో 'పూరుని మౌనం' అని వ్యవహరిస్తాను.

ఈ మౌనం తరువాతి సాహిత్యంలోనూ కొనసాగింది. కాళహస్తీశ్వర శతకంలో ధూర్జటి ముదిమి లక్షణాలను ఏకరువు పెట్టడం అవి రాకముందే శివపదాన్ని ఆశ్రయించాలని చెప్పడానికి. అక్కడ జర రాబోయే గడువు. గడువు దాటిన తరువాత ఎలా బతకాలన్నది ఆ పద్యానికి పట్టదు.

శ్రీరమణ 'మిథునం' ఈ సంప్రదాయానికి ప్రతివాదంగా చదవదగిన కథ. అప్పదాసు, బుచ్చిలక్ష్మి దంపతుల ఇంట్లో, యదువు దోషంగా ఎంచిన అన్నపానాలే ఉత్సవమవుతాయి. వేళగాని వేళ తినాలనిపించడం అనువుకు ఏహ్యం, ఇక్కడ అదే దాంపత్య సరసం. ఈ కథ 2000లో ఎం.టి. వాసుదేవన్ నాయర్ దర్శకత్వంలో మలయాళంలోను, 2012లో తనికెళ్ల భరణి దర్శకత్వంలో తెలుగులోను చలనచిత్రంగా వచ్చింది. అటువంటి ముదిమిని పాఠకులు, ప్రేక్షకులు ఎంతగా కోరుకున్నారో చెప్పడానికి అది చాలు. అయినా రెండు పరిమితులు గుర్తించాలి. కథ చెప్పేది ఆ ఇద్దరిలో ఒకరు కాదు, వారికంటె చిన్నవాడు. రెండవది పెరడు. ఆ ఇంటి ఆనందంలో సగం పెరటిలో పండింది. పెరడు లేని రెండు గదుల ఇంట్లో ఉప్పు కొలిచి వండుకొనే దంపతులకు ఆ కథ కోరిక తీర్చగలదు గాని వారి రోజును చూపలేదు.

ఇక పాతబస్తీ. ఈ ప్రాంతాన్ని తెలుగు పాఠకులకు దగ్గర చేసిన వారిలో నెల్లూరి కేశవస్వామి ముఖ్యులు. 'చార్మినార్ కథలు'లోని 'యుగాంతం' 1948 నాటి పరిణామాలను చిత్రించిన కథగా ప్రసిద్ధం. తరువాత 1998 నాటి 'జల్‌జలా' సంకలనం మొదలుకొని ముస్లిం రచయితలు ఈ జీవితాన్ని లోపలినుంచి చెప్పారు. పేదరికం, స్త్రీల స్థితి, అనుమానపు చూపు వారికి ముందు చెప్పవలసిన విషయాలయ్యాయి, అది సహజమే. నా అభ్యంతరం రచయితల మీద కంటె విమర్శ మీద. పాతబస్తీ అనగానే మన విమర్శ వైభవం, శైథిల్యం, జ్ఞాపకం అనే మాటలను ఆశ్రయిస్తుంది. నగరానికే ముదిమిని అంటగట్టిన తరువాత అందులోని ముదుసలి మనిషి ఆ శైథిల్యానికి అలంకారమవుతాడు. ఆయన బీపీ ఎంతో అడగాలని ఎవరికీ తోచదు.

ఉస్మానియా ఆసుపత్రి ఉదంతం దీనికి మంచి ఉదాహరణ. 1908 సెప్టెంబరు మూసీ వరదల్లో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి నాశనమైంది. ఆ ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో విన్సెంట్ ఎష్ రూపకల్పనతో లేచిన గుమ్మటాల భవనం నగరపు గుర్తుల్లో ఒకటైంది. 2020 జులైలో వాననీరు వార్డుల్లోకి చేరిన తరువాత పాత భవనాన్ని ఖాళీ చేశారు. కూల్చాలా, కాపాడాలా అన్న వివాదం కోర్టులకు, నిపుణుల సంఘాలకు వెళ్లింది. చివరకు 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. భవనం ఆరోగ్యాన్ని గురించి ఇన్ని నివేదికలు, ఇంత చర్చ వచ్చాయి. అదే ఆవరణలో ఓపీ చిట్టీ పట్టుకొని వరుసలో నిలబడిన వారి ఆరోగ్యం అందులో ఉపప్రస్తావనగానే మిగిలింది. కట్టడం చరిత్రకు చెందుతుంది, మోకాళ్ల నొప్పి ఇంటికి చెందుతుంది అన్న విభజన ఇందులో ఉంది. సాహిత్య విమర్శ కూడా ఇదే విభజనను పాటించడం విచారకరం.

పాతబస్తీని ఎన్నుకోవడానికి మరో కారణం భాష. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనాభాష ఉర్దూ. అనువాద సంస్థ దారుల్ తర్జుమా పారిభాషిక పదాలను సమకూర్చింది. ఆధునిక వైద్యాన్ని కూడా ఉర్దూలోనే బోధించారు. 1948 తరువాత ఆ స్థానం ఆంగ్లానికి దక్కింది. చార్మినార్ పక్కనే ఉన్న నిజామియా తిబ్బీ ఆసుపత్రిలో యునానీ హకీము చూసే 'నబ్జ్' మన వైద్యుని 'నాడి'కి సోదరి. మన బసవరాజీయం కూడా నాడీపరీక్షకు పెద్దపీట వేసింది. మణికట్టు పట్టుకొని చేసే పరీక్షలో రోగి ఎదురుగా ఉండాలి, అడిగినదానికి బదులు చెప్పాలి. నేడు బస్తీ దవాఖానలో ఇచ్చిన రక్తం మనిషిని వదిలి ప్రయాణిస్తుంది. 2018లో నారాయణగూడలోని ఐపీఎం ప్రాంగణంలో ప్రారంభమైన తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రం ఆ నమూనాలను పరీక్షిస్తుంది. ఫలితం ఫోనుకు సందేశమై వస్తుంది. ఫోను తరచుగా మనుమనిది.

దీనిని పతనంగా వర్ణించడం సులభం. నాకు అందులో నమ్మకం లేదు. క్రియాటినిన్ పెరిగిందని ఏ నాడీ చెప్పదు. డబ్బు చెల్లించే అవసరం లేకుండా ఆ పరీక్ష పేదవారికి అందడం చిన్న విషయమూ కాదు. ప్రశ్న వేరు: తన దేహాన్ని గురించిన వాక్యం మరొకరి ఫోనులో, తాను చదవలేని భాషలో ఉన్నప్పుడు, వృద్ధుడు దానిని ఎలా తనదిగా చేసుకొంటాడు?

ఇక్కడ భాష తనపని తాను చేస్తున్నది. 'పరీక్ష' అన్న సంస్కృతపదం బడికి, దవాఖానకు ఒక్కటే కావడం వల్ల చక్కెర ఎక్కువ వస్తే తప్పినట్లు, తక్కువ వస్తే నెగ్గినట్లు మాట్లాడతాం. షుగర్ 'వస్తుంది', 'లేస్తుంది', 'పడిపోతుంది'. అది ఇంటికి వచ్చి మకాం వేసిన చుట్టం వలె ప్రవర్తిస్తుంది. 'ఫాస్టింగ్' అన్న ముద్రిత పదానికి తెలుగువారి ఇంట 'పరగడుపు' సిద్ధంగా ఉంది, ఉర్దూ ఇంట 'నిహార్ ముఁహ్' ఉంది. ఈ రెండూ ఉపవాసాన్ని కాక, ఇంకా ఏమీ తినని ఉదయాన్ని సూచిస్తాయి. ఆంగ్లపదం మాత్రం రోజాకు, రక్తపరీక్షకు ఒక్కటే. రంజాన్ మాసంలో ఈ భేదం ప్రాణంమీదికి వస్తుంది. వయోభారం, వ్యాధి ఉన్నవారికి మతమే మినహాయింపు ఇచ్చినా రోజా వదలని పెద్దలున్నారు. వారి మాత్రలను సహరీకి, ఇఫ్తార్‌కు సర్దవలసి వస్తుంది. వేలిచివర రక్తం తీసి చూస్తే రోజా చెడదని వైద్యులు, ఉలేమాలు కలిసి నచ్చజెప్పవలసి వస్తుంది. కాలనియమం తప్పినవాడని అనువు ఎవరిని ఆక్షేపించాడో, ఆ ముదుసలి ఇక్కడ రెండు కాలనియమాలను ఒకేసారి పాటిస్తున్నాడు.

రిపోర్టు చదివే పద్ధతిలోనూ ఇటువంటి తెలివి ఉంది. మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బిఏ1సి పరీక్షలో 6.5 శాతం నుంచి మధుమేహంగా లెక్కిస్తారు. ప్రమాణాన్ని దాటిన అంకెను ముద్దక్షరాల్లో అచ్చువేస్తారు. అయితే అనేక వ్యాధులున్న వృద్ధులకు 8 శాతంలోపు ఉంటే చాలునని, మరీ తగ్గిస్తే చక్కెర పడిపోయే ప్రమాదం ఉందని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ మార్గదర్శకాలే చెబుతాయి. ఈ సడలింపు అచ్చుకాగితం మీద ఉండదు. మా నాయనమ్మ తన కాగితాల్లో ముద్దక్షరాలను పట్టించుకోదు. కిందటిసారి కంటె పెరిగిందా, తగ్గిందా అని మాత్రం అడుగుతుంది. పరిశోధన అలవాటు వల్ల నేను ప్రమాణంతో పోలుస్తాను, ఆమె తనతో తనను పోల్చుకొంటుంది. కాగితాలను తేదీల వరుసలో పెట్టుకోదు. లాల్ దర్వాజా బోనాలకు ముందువి, తరువాతివి అని రెండు సంచుల్లో ఉంచుతుంది.

ఈ సంచులను ఆత్మకథా సామగ్రిగా విమర్శ గుర్తించాలని నా ప్రతిపాదన. కథకుడు కొడుకో మనుమడో అయినంత కాలం పరీక్ష ఒక సంఘటనగానే కనబడుతుంది: అంకె పెరిగింది, ఆసుపత్రిలో చేర్చారు, ఇల్లు అమ్మారు. పరీక్ష ఇచ్చేవారికి అది సంఘటన కాదు, మూడు నెలలకు ఒకసారి వచ్చే ఆవృత్తి. సంఘర్షణ, పతాకస్థాయి, ముగింపు అన్న కొలతలతో నిర్మించిన మన కథానిక ఆవృత్తిని మోయడానికి తగినది కాదేమో. దినచర్యకు దగ్గరైన లేఖ, డైరీ, పద్దుపుస్తకం వంటి రూపాలను కథ అరువు తెచ్చుకోవచ్చు. ముందుగా మనం చేయగలిగింది, ఉన్న కథల్ని వేరే ప్రశ్నతో చదవడం. ముదుసలి పాత్ర ఎన్ని వాక్యాలు తానే మాట్లాడుతుంది? ఆ వాక్యాల్లో ఎన్ని తన ఉదయాన్ని గురించినవి? నేను చదివిన వృద్ధాశ్రమ కథల్లో చాలావరకు ఈ లెక్క ఒక పేజీ దాటలేదు. అందులోనూ ఎక్కువ భాగం కొడుకును క్షమించే వాక్యాలే.