మిగతా ముప్పై అయిదూ ఏవి?

ఫిల్మ్ కెమెరాలు మళ్లీ భుజాలకెక్కాయి. బీరువా మీద అట్టపెట్టెలో పడున్న నాన్నగారి యాషికా, తాతగారి ఆగ్ఫా క్లిక్ దుమ్ము దులుపుకుని బయటికొస్తున్నాయి. రోలు ధర వింటే గుండె గుభేలుమంటుంది, అయినా కొంటున్నారు. సంతోషమే. నా పేచీ తీయడంతో కాదు, తీశాక నలుగురూ కూర్చుని మాట్లాడుకునే తీరుతో. ఒకరు ఫొటో చూపిస్తారు. ఏ కెమెరా అని ఒకరు, ఏ ఫిల్మ్ అని ఇంకొకరు. గ్రెయిన్ అదిరింది బ్రో అని మూడోవాడు. అంతటితో సరి. ఆ ఫొటోలో ఉన్న మనిషి గురించి ఒక్క ముక్క ఉండదు. పెళ్లికెళ్లి, పెళ్లికూతుర్ని చూడకుండా మండపం అద్దె ఎంతని అడిగినట్టుంటుంది.

నేనడిగేది ఒకటే. మిగతా ముప్పై అయిదూ ఏవి?

చిన్న రోలుకి 36 ఫ్రేములు. కడిగి ఆరబెట్టిన నెగెటివ్‌ను ఆరు ఫ్రేముల చొప్పున పట్టీలుగా కత్తిరించి, డార్క్‌రూమ్‌లో ప్రింటు కాగితం మీద వరసగా పరిచి, పైన అద్దం పెట్టి, కాసేపు లైటు వేసి, ఆ కాగితాన్ని కడిగితే వచ్చేది కాంటాక్ట్ షీటు. ఒక్కో బొమ్మ 24 మిల్లీమీటర్ల ఎత్తు, 36 మిల్లీమీటర్ల వెడల్పు. భూతద్దం లేకపోతే మొహాలు ఆనవు. తీసినవన్నీ తీసిన వరసలోనే ఉంటాయి. చెయ్యి వణికిందీ, ఎవరో కళ్లు మూసుకున్నదీ, ఎవరిదో మోచెయ్యి అడ్డొచ్చిందీ, ఏదీ దాగదు.

ఈమధ్య మా ఆదివారం ఫొటోల కూడికకి ఓ కుర్రాడు సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో తీసిన ఫొటో తెచ్చాడు. ఆకుకూరలమ్మే పెద్దావిడ, కొత్తిమీర కట్టల వెనక. తల వంచుకుంది, నుదుటి మీద ముడతలు, పెదవులు బిగిసున్నాయి. ఎంత దుఃఖం అన్నారు అందరూ. బేరాల్లేని బతుకు అన్నాడొకాయన. అదృష్టం కొద్దీ కుర్రాడి సంచిలో కాంటాక్ట్ షీటు కూడా ఉంది. భూతద్దం పెట్టి చూశాం. ముందు ఫ్రేములో ఆవిడ పక్కావిడతో పగలబడి నవ్వుతోంది. వెనక ఫ్రేములో ఎవరికో చిల్లర అందిస్తోంది. మధ్యదే మేం చూసి బాధపడిన ఫొటో. చిల్లర లెక్కపెడుతున్న మొహాన్ని దుఃఖం అనుకున్నాం.

అసలు మాటలు అప్పుడు మొదలయ్యాయి. ఆ ఫొటో అబద్ధమా? నవ్వుతున్నది ఎంచుకుంటే నిజమయ్యేదా? టీ చల్లారిపోయేదాకా వాదించుకున్నారు. గ్రెయిన్ మాట ఒక్కరూ ఎత్తలేదు.

ఇది కొత్త గొడవేం కాదు. 1962లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో డయాన్ ఆర్బస్ ఒక పిల్లాడి ఫొటో తీసింది. చేతిలో బొమ్మ గ్రెనేడు, రెండో చెయ్యి గోళ్లు చాచినట్టు వంకర తిరిగుంటుంది, చూపు పిచ్చెక్కినట్టుంటుంది. ఆ రోలు కాంటాక్ట్ షీటు చూస్తే మిగతా ఫ్రేముల్లో వాడు నడుం మీద చేతులేసుకుని పోజులిస్తున్న మామూలు పిల్లాడు. ఆవిడ ఎంచుకున్నది మాత్రం ఆ ఒక్కదాన్నే.

మాలో ఒక మాస్టారున్నారు, పాతకాలం స్టూడియో మనిషి. కాంటాక్ట్ షీటు చూపించడం ఆయనకి గిట్టదు. "చిత్తుప్రతులు ఊరంతా చూపిస్తారటయ్యా? ఎంచుకున్నదే ఫొటో" అంటారు. ఆయన పక్షాన పెద్దవాళ్లే ఉన్నారు. ఫొటోగ్రాఫర్ కార్టియే బ్రెసాన్ కూడా తన కాంటాక్ట్ షీట్లు చూపించడానికి ఇష్టపడేవాడు కాదు. నేను మాత్రం ఒప్పుకోను. మన కాలేజీ గోడల మీద, ఆటోల వెనక కనిపించే చే గువేరా బొమ్మే తీసుకోండి. 1960 మార్చి 5న హవానాలో సంతాప సభలో ఫొటోగ్రాఫర్ కోర్డా తీసింది. చే వేదిక అంచుకి వచ్చి నిలబడిన ఆ కొద్ది క్షణాల్లో అతనికి దక్కినవి రెండే ఫ్రేములు. అసలు ఫ్రేములో ఒక పక్క ఇంకో మనిషి మొహం, మరో పక్క తాటి జాతి చెట్టు ఆకులు. మర్నాటి పత్రిక ఆ ఫొటో వేసుకోలేదు. కోర్డా రెండు పక్కలా కత్తిరించి తన స్టూడియో గోడకి పెట్టుకున్నాడు. అదే రోలులో రచయితలు సార్త్ర్, సిమోన్ ద బోవా కూడా ఉన్నారు. ఇదంతా తెలిశాక చే ఫొటో నా కళ్లలో ఏమీ తగ్గలేదు. కోర్డా మీద గౌరవం పెరిగింది.

మాస్టారితో నాకు పూర్తిగా కుదిరేది నెగెటివ్ చదవడంలో. పట్టీని ట్యూబులైటుకేసి ఎత్తి పట్టుకుని, బొమ్మ కన్నా ముందు అంచు చూస్తారాయన. ఫిల్మ్ అంచున ఉండే అంకెలు, కంపెనీ పేరు ఫ్యాక్టరీలోనే లైటు పడి వస్తాయి. మన కెమెరాతో వాటికి సంబంధం లేదు, కడిగినప్పుడే బయటపడతాయి. అంకెలు నల్లగా స్ఫుటంగా ఉండి బొమ్మ పలచగా ఉంటే, తీసేటప్పుడు వెలుతురు చాలలేదన్నమాట. అంకెలు కూడా వెలవెలబోతే కడగడంలో లోపం. బొమ్మా అంకెలూ రెండూ చిక్కగా ఉంటే, "మే నెలలో కడిగావా?" అని అడుగుతారు. బ్లాక్ అండ్ వైట్ డెవలపర్‌కి మామూలుగా 20 డిగ్రీల లెక్కన నిమిషాలు చెబుతారు. మన మిద్దె మీది ట్యాంకు నీళ్లు ఎండాకాలం మధ్యాహ్నం ఎలా ఉంటాయో తెలిసిందేగా. మందు వేడెక్కితే పని తొందరగా చేసేస్తుంది. అందుకే సీసాల్ని ఐసు నీళ్ల టబ్బులో నిలబెడతారు. డెవలపర్‌ని మాత్రమే చల్లబరిచి, వేడి నీళ్లతో జాడిస్తే పాత ఫిల్ముల జెలటిన్ పొర ముడతలు పడేదని మాస్టారు ఇప్పటికీ హెచ్చరిస్తారు. అంచులు కత్తిరించేసి ఫోనులో పంపిన స్కాన్ చూసి ఇవన్నీ ఎవరు చెప్పగలరు?

ఇంతకీ నెగెటివ్ చేతిలో ఉండాలి కదా. ఇప్పుడు చాలామంది రోలు ల్యాబుకి పంపి, ఫోనులోకి స్కాన్లు దిగగానే పని అయిపోయిందనుకుంటారు. నెగెటివ్‌ల కోసం ఎవరూ రాకపోతే ల్యాబువాళ్లు మాత్రం ఎన్నాళ్లని దాస్తారు? మొన్న ఒకమ్మాయి కాలేజీ ఆఖరి రోజు రోలు చూపించింది, చాలా బాగుంది. నెగెటివ్‌లు ఏవమ్మా అంటే, "స్కాన్లున్నాయిగా అంకుల్" అంది. అక్కడికక్కడే ల్యాబుకి ఫోను చేయించాను. ఇంకా పారెయ్యలేదట, శనివారం లోపు వచ్చి పట్టుకెళ్లమన్నారు.