గోడలో సన్నటి పగులు

ఎడ్గార్ అలన్ పో 1839లో ప్రచురించిన ‘ది ఫాల్ ఆఫ్ ది హౌస్ ఆఫ్ అషర్’ కథ ముగింపు పేరులోనే ఉంది. ఇల్లు కూలుతుందని మొదటి వాక్యం చదవకముందే తెలిసిపోతుంది. అయినా చివరికొచ్చేసరికి ఒళ్లు జలదరిస్తుంది. గోథిక్ కథల్లో పరిసరాలు పాత్ర పతనాన్ని ముందే పట్టిస్తాయని అందరూ అనేదే. ఎలా పట్టిస్తాయన్నదే అసలు విద్య.

శరత్కాలం, మబ్బు పట్టిన సాయంత్రం. కథకుడు గుర్రం మీద బాల్యమిత్రుడు రోడరిక్ అషర్ ఇంటికొస్తాడు. చూపులేని కళ్లలాంటి కిటికీలు, గోడలకు బూజు, పక్కనే కదలని నల్లటి మడుగు. మనసు కుదుటపడుతుందేమోనని నీళ్లలో ఇంటి నీడ చూస్తాడు. తలకిందులైన ఇల్లు ఇంకా బెదరగొడుతుంది. ఇంత వర్ణించాక, పట్టిపట్టి చూస్తే తప్ప కనబడని సన్నటి పగులొకటి కప్పు నుంచి వంకరటింకరగా దిగి మడుగులో కలిసిందని ఒక్కమాట అనేసి లోపలికి వెళ్లిపోతాడు.

ఆపైన చివరిదాకా పో ఆ పగులు ఊసెత్తడు. రోడరిక్ నరాల జబ్బు, అతని కవల సోదరి మాడలిన్‌కు వైద్యులకే అంతుపట్టని రోగం, పాత పుస్తకాలు, సంగీతం: మన చూపంతా లోపలికే పోతుంది, బయటి గోడ మరుపున పడుతుంది. లోపల మాత్రం అదే పగులు వేరే రూపాల్లో సాగుతూనే ఉంటుంది. అషర్ల వంశానికి శాఖలు లేవు. తండ్రి నుంచి కొడుక్కి ఒంటిపోగులా వచ్చింది. ఈ రాళ్లకు ప్రాణముందని, తనవాళ్లను ఇలా తయారుచేసింది అవేనని రోడరిక్ నమ్మకం. అతను గీసిన బొమ్మలో బయటికి దారీ, దీపమూ లేని సొరంగం. అయినా లోపలంతా వెలుగే. తర్వాత, చనిపోయిందనుకున్న మాడలిన్‌ను నేలమాళిగలో పెట్టి ఇనుప తలుపు మూస్తారు. అది సరిగ్గా కథకుడి పడకగది కిందే. ఒకప్పుడు చెరసాల, ఆనక మందుగుండు కొట్టు. మందుగుండు మాట పో ఊరికే వేశాడని నేననుకోను. చివర్లో ఎర్రటి చంద్రుడు కనబడేది ఆ పగులులోంచే.

అంతకు 75 ఏళ్ల ముందు, 1764లో, ‘ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో’తో హొరేస్ వాల్పోల్ ఈ బాణీకి శ్రీకారం చుట్టినప్పుడు ఇంత నాజూకు లేదు. పెళ్లిరోజునే కోట వారసుడి మీద పెద్ద శిరస్త్రాణం పడి నుజ్జు చేస్తుంది. పరిసరాలకు సైగ చేసే ఓపిక లేదు, దెబ్బే వేసేస్తాయి. తర్వాత్తర్వాత ఇలాంటి కోటలు ఎంత మామూలైపోయాయంటే, జేన్ ఆస్టిన్ ‘నార్తాంగర్ అబ్బే’లో నాయిక చేత రాత్రిపూట పాత బీరువా వెతికించి, దొరికిన రహస్యపత్రాలు చాకలి పద్దులని తేల్చి నవ్వించింది.

షిర్లీ జాక్సన్ 1959 నవల ‘ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్’లో గోడలు గట్టివే. కట్టించినవాడు కోణాలన్నీ పిసరంత తేడాగా పెట్టించాడు. తలుపులు వాటంతటవే మూసుకుంటాయి. నన్ను అంతకంటే భయపెట్టేది ఆ ఇంటికి చేరకముందు దారి. ఏళ్లతరబడి తల్లికి సేవ చేసి, సొంత గూడంటూ లేని ఎలినార్ కారులో వస్తూ, దారిలో నచ్చిన ఇళ్లలో తానే ఉంటున్నట్టు ఊహించుకుంటుంది. ఒక ఇంటి ముందు రాతి సింహాలను చూసి, వాటి దుమ్ము రోజూ తుడుస్తున్నట్టు కూడా కలగంటుంది. చదువుతుంటే ముచ్చటేస్తుంది. హిల్ హౌస్‌కు ఆమె చిక్కింది ఈ ఆశవల్లే. అందరూ భయపడే ఇంట్లో ఆమె ఉండిపోతానంటుంది. బలవంతంగా పంపేస్తే, ఆవరణ దాటకుండానే కారును చెట్టుకు గుద్దేస్తుంది.