మెనిన్ గేటు కింద ఒంటరి బూర

బెల్జియంలోని ఈప్ర్ పట్టణంలో రోజూ రాత్రి 8 గంటలయ్యే వేళకు పోలీసులు ఒక రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు. ఊరు దాటి తూర్పుకు వెళ్ళే ఆ రోడ్డు మీద మెనిన్ గేటు అనే పెద్ద రాతి కమాను ఉంది. స్థానిక అగ్నిమాపక దళం యూనిఫాంలో బూరలు ఊదేవాళ్ళు దాని కింద నిలబడి ‘లాస్ట్ పోస్ట్’ ఊదుతారు. వేసవి రాత్రుల్లో వందల మంది చుట్టూ నిలబడి వింటారు. పూలచక్రాలు పెడతారు, ఒక నిమిషం మౌనం పాటిస్తారు. పరదేశాల నుంచి గాయక బృందాలూ వస్తుంటాయి.

2020 మార్చిలో కరోనా వల్ల బెల్జియం తలుపులు మూసుకుంది. 14 నుంచి హోటళ్ళు, బడులు మూతపడ్డాయి. 18 మధ్యాహ్నం నుంచి జనం ఇళ్ళకే పరిమితమయ్యారు. మెనిన్ గేటు కిందికి చూసేవాళ్ళను రానివ్వలేదు. పూలచక్రాలు లేవు, బృందగానాలు లేవు. బూర మాత్రం మోగింది. ఒక్క మనిషి, ఒక్క బూర. యుద్ధ చరిత్రను బతికించే పని ఎంత చిన్నదిగా ఉండి కూడా ఎంత నిండుగా ఉండగలదో ఆ ఒంటరి బూరలో కనిపిస్తుంది. అందుకే దాని పనితనాన్ని కాస్త దగ్గరగా చూడాలనిపించింది.

ముందు ఆ చోటు సంగతి. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సామ్రాజ్య సైనికులు లక్షలుగా ఈ దారినే యుద్ధరంగానికి నడిచారు. అప్పుడక్కడ కమాను లేదు, కోటగోడలో ఒక సందు మాత్రమే. నాలుగేళ్ళలో ఊరు మట్టిదిబ్బ అయింది. యుద్ధం ముగిశాక రెజినాల్డ్ బ్లూంఫీల్డ్ రూపకల్పన చేసిన స్మారకం ఆ సందులో లేచింది. 1927 జూలై 24న ఫీల్డ్ మార్షల్ ప్లూమర్ దాన్ని ఆవిష్కరించారు. లోపలి గోడల మీద, మెట్ల పక్కన, పై వసారాల్లో 54 వేలకు పైగా పేర్లు చెక్కారు. అన్నీ సమాధి ఎక్కడో తెలియనివాళ్ళ పేర్లే. అంత పెద్ద కట్టడమైనా చోటు చాలలేదు. మరో 35 వేల దాకా పేర్లను కొద్ది దూరంలోని టైన్ కాట్ స్మశానం గోడల మీద చెక్కాల్సి వచ్చింది. ఇప్పటికీ అక్కడి పొలాల్లో అస్థికలు బయటపడుతుంటాయి. ఎవరివో తేలితే ఆ సైనికుడికి సొంత సమాధి దక్కుతుంది. ఆ తర్వాత గోడ మీద అతని పేరు తీసేస్తారు. పేరు చెరిగిపోవడం మేలుగా భావించే గోడ మరెక్కడైనా ఉందో లేదో గానీ, నాకు తెలిసింది ఇదొక్కటే.

ఇక బాణీ. బ్రిటిష్ సైన్యంలో దినచర్య ముగిసిందని, కావలివాళ్ళందరూ తమ చోట్లలో ఉన్నారని చెప్పే సంకేతంగా ఇది పుట్టింది. తర్వాత సైనికుడి అంత్యక్రియలకు చేరింది. మనకూ తెలిసిన బాణీయే. అక్టోబర్ 21న పోలీసు అమరవీరుల సంస్మరణ దినం నాడు మన జిల్లాల పరేడ్ మైదానాల్లో తుపాకులు తలకిందులుగా పట్టుకుని నిలబడ్డ వరసల ముందు బ్యూగిల్ మీద వినిపించేది ఇదే.

ఆ బూరకు మీటలు లేవు, వేళ్ళతో మూసే రంధ్రాలూ లేవు. చుట్టలు చుట్టిన సుమారు 4.5 అడుగుల గొట్టం అది. ఒక కొసన పెదవులు ఆనించే చిన్న గిన్నె, ఇంకో కొసన విచ్చుకున్న నోరు. స్వరం మార్చేది పెదవుల బిగువు, ఊపిరి తోపు మాత్రమే. వాడుకకు వచ్చేవి ఐదే స్వరాలు: షడ్జమం, పంచమం, పై షడ్జమం, ఆ పైన అంతర గాంధారం, మళ్ళీ పంచమం. రిషభం లేదు, మధ్యమం లేదు, ధైవత నిషాదాలు లేవు. గమకానికి తావే లేదు. ఇంత పేద సామగ్రితో దుఃఖాన్ని పలికించాలంటే మిగిలిన దారులు మూడే: స్వరం ఎంతసేపు నిలపాలి, ఎంత మెల్లగా వదలాలి, రెండు స్వరాల మధ్య ఎంతసేపు ఊరుకోవాలి.

పైస్థాయి పంచమం అందుకోవడం కష్టమని వినేవాళ్ళు అనుకుంటారు. దాని కన్నా కష్టం మెల్లగా సాగే దీర్ఘ స్వరాలు. పెదవి రవ్వంత సడలితే స్వరం పక్క మెట్టు మీదికి జారిపోతుంది, సవరించడానికి మీట ఉండదు. చలికాలం రాత్రి అయితే ఇంకో చిక్కు. లోహం చల్లబడితే గొట్టంలో గాలి చల్లబడి శ్రుతి దిగుతుంది, పెదవులు కొయ్యబారతాయి. మొదలుపెట్టే ముందు గొంతు సవరించుకున్నట్టు ఒక స్వరం ఊది చూసుకోవడానికి ఆ కమాను కింద వీలుండదు. నిశ్శబ్దంలోంచి మొదటి స్వరమే సరిగ్గా రావాలి.

నలుగురు కలిసి ఊదేటప్పుడు ఒకరి స్వరం చిట్లినా మిగతావాళ్ళు కప్పేస్తారు. 2020 వసంతంలో ఆ కప్పు లేదు. పైగా జనం లేని రాతి కమాను ధ్వనిని వేరుగా మోస్తుంది. మనుషుల ఒళ్ళు, ఉన్ని కోట్లు ధ్వనిని పీల్చుకుంటాయి. అవి లేనప్పుడు ఊదిన స్వరం రాళ్ళ మధ్య చాలాసేపు తిరుగుతుంది. తర్వాతి స్వరం తొందరపడితే రెండూ కలిసి బురదవుతాయి. ఒంటరిగా ఊదేవాడు తన ప్రతిధ్వని తగ్గేదాకా ఆగి, అప్పుడు అందుకోవాలి. నా దృష్టిలో ఆ ఆగడమే ఆ రాత్రుల అసలు కళ. మెచ్చుకునేవాళ్ళు ఎదుట లేనప్పుడు కూడా ఆ విరామాన్ని పూర్తిగా పాటించడానికి చిత్తశుద్ధి కావాలి.

తిరుమలలో 2020 మార్చి 20 నుంచి భక్తుల దర్శనం ఆపినా కైంకర్యాలు ఏకాంతంగా జరిగాయి. మెనిన్ గేటు దగ్గర జరిగిందీ ఆ కోవకే చెందుతుంది. చేసేది జనం చూడ్డానికి కాదు కాబట్టి జనం లేకపోయినా ఆగనక్కర్లేదు.

రోజూ బూర ఊదే ఈ ఏర్పాటు బలం దాని పుట్టుకలోనే ఉంది. దీన్ని తలపెట్టినది ఆ ఊరి పోలీసు అధికారి పియేర్ వాన్‌డెన్‌బ్రామ్‌బుషే. 1928 జూలై 2న తొలిసారి మోగింది, కొన్ని నెలలు సాగి ఆగింది, 1929 నుంచి నిత్యమైంది. దీన్ని నడిపేది సర్కారు కాదు, ఊరివాళ్ళ లాస్ట్ పోస్ట్ సంఘం. తమ ఊరి కోసం చనిపోయిన పరదేశీయులకు ఊరివాళ్ళు పెట్టుకున్న మొక్కుబడి ఇది. 1940 మేలో జర్మన్లు ఊరిని ఆక్రమించాక ఇంగ్లండులోని బ్రూక్‌వుడ్ సైనిక స్మశానంలో దీన్ని కొనసాగించారు. 1944 సెప్టెంబర్ 6న పోలండ్ సైనికులు ఈప్ర్‌ను విడిపించారు. ఊళ్ళో ఇంకోవైపు కాల్పులు జరుగుతుండగానే ఆ సాయంత్రం బూర మళ్ళీ గేటు కిందికి వచ్చింది. 2015 జూలై 9 నాటికి 30,000 సార్లు మోగింది.

మహమ్మారి ఊపిరిని పట్టుకుంది. ఆ నెలల్లో ప్రపంచమంతా బృందగానాలు, బ్యాండు మేళాలు ఆగాయి. ఈప్ర్‌కు ఊపిరి భయం కొత్త కాదు. 1915 ఏప్రిల్ 22న జర్మన్ సైన్యం క్లోరిన్ వాయువును భారీగా వదిలింది ఈ ఊరి పొలిమేరల్లోనే. నాలుగు రోజులకు, 26న, లాహోర్ డివిజన్‌లోని భారతీయ సైనికులను ఆ వాయువులోకే దాడికి పంపారు. ముసుగుల్లేని కాలం. ఆ రోజు జమేదార్ మీర్ దస్త్ చూపిన తెగువకు విక్టోరియా క్రాస్ వచ్చింది. అంతకు ఆరు నెలల ముందు, 1914 అక్టోబర్ 31న, దగ్గరలోని హోలెబెకె వద్ద మెషిన్ గన్ వదలకుండా పోరాడిన ఖుదాదాద్ ఖాన్ ఆ పతకం పొందిన తొలి భారతీయ సైనికుడు. ఆ ఇద్దరూ బతికి బయటపడ్డారు. సమాధి ఎక్కడో తెలియని నాలుగు వందల మందికి పైగా భారతీయుల పేర్లు మెనిన్ గేటు గోడల మీదే ఉన్నాయి. మన పాఠ్యపుస్తకాల్లో వాళ్ళ ప్రస్తావన లేనట్టే. వాళ్ళ కోసం రోజూ ఒక బూర మోగుతోందని మనలో చాలామందికి తెలియదు. ఇది నన్ను బాధపెట్టే విషయం.

జనం మళ్ళీ వచ్చారు. 2023లో కట్టడానికి పెద్ద ఎత్తున మరమ్మతులు మొదలయ్యాక కూడా బూర ఆగలేదు. యూరప్‌లో చదువుకో ఉద్యోగానికో ఉన్న తెలుగువారు బ్రస్సెల్స్ దాకా వెళితే ఈప్ర్‌కు ఒక సాయంత్రం కేటాయించండి. టికెట్టు అక్కర్లేదు. 7 గంటలకే చేరుకుని గోడల మీద భారతీయ రెజిమెంట్ల పేర్లు వెతికి చదవండి. 8కి బూర ముగిశాక చప్పట్లు కొట్టకండి. అక్కడ ఆ ఆచారం లేదు.