ఏకపాత్రకు తగిన పాఠం

తెలుగులో ఏకపాత్రల కోసమే అచ్చయిన పుస్తకాలు తక్కువ. నటులు వేదిక మీద చేసేవాటిలో చాలామటుకు పెద్ద నాటకాల్లోంచి కోసుకున్న ముక్కలే. కాబట్టి ముందు నాటకం వెతకాలి. ఆ తర్వాత అందులో ఒక్క మనిషి నిలబడగల చోటు పట్టుకోవాలి.

బెంగళూరు కాటన్‌పేటలో ఉండే తెలుగు నటుడికి మొదటి మెట్టే కొంచెం కష్టం. దగ్గర్లోని అవెన్యూ రోడ్డు పాత పుస్తకాలకు పేరున్నదే గానీ అక్కడి రాశుల్లో పాఠ్యపుస్తకాలదే పైచేయి. తెలుగు నాటకం తగిలితే అదృష్టమే. వయ్యాలికావల్‌లోని తెలుగు విజ్ఞాన సమితి లాంటి చోట్ల నాటకాలాడేవాళ్ళను పరిచయం చేసుకోవడం మేలు. ఎందుకంటే నాటక పరిషత్తు పోటీల్లో ఆడే నాటికలు చాలావరకు అచ్చుకెక్కవు. డీటీపీ ప్రతులుగా, జిరాక్సులుగా ఒక సమాజం నుంచి ఇంకో సమాజానికి చేరుతుంటాయి. పాత నాటకాలైతే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్ ప్రతులుగా బోలెడు ఉన్నాయి.

కన్నడదేశంలో ఉన్నవాడు తెలుగు నాటకానికి పరాయివాడేమీ కాదు. ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు, చారిత్రక నాటకాలకు పేరుపడ్డ కోలాచలం శ్రీనివాసరావు, మహానటుడు రాఘవ - ముగ్గురి కార్యక్షేత్రమూ నేటి కర్ణాటకలోని బళ్ళారే. కోలాచలం ‘రామరాజు’ నాటకంలో రాఘవ వేసిన పఠాను రుస్తుం పాత్రను రంగస్థల చరిత్ర ఇప్పటికీ తలుచుకుంటుంది.

దొరికిన నాటకంలో ఏ ముక్క పనికొస్తుంది? పొడుగాటి డైలాగు ఉంటే చాలనుకోవడం మామూలు పొరపాటు. పాత్ర ఒక ఇరుకులో ఉండాలి, మాట్లాడుతూ మాట్లాడుతూ ఇంకో చోటికి చేరాలి. గురజాడ ‘కన్యాశుల్కం’ 1909 ప్రతిలో మొదటి రంగం ఇందుకు చక్కని ఉదాహరణ. విజయనగరం బొంకులదిబ్బ మీద గిరీశం ఒక్కడే ఉంటాడు. సామాను కొనిపెడతానని పూటకూళ్ళమ్మ దగ్గర పట్టుకెళ్ళిన ఇరవై రూపాయలు మధురవాణి పాలయ్యాయి, ఊళ్ళో పరపతి పోయింది. భయంతో మొదలైన మాట ఊరు దాటే ఉపాయం వైపు తిరుగుతుంది. నటుడికి మలుపు పాఠంలోనే దొరుకుతుంది. గొంతు పెంచి తెచ్చుకోనక్కర్లేదు.

పద్యనాటకం తీసుకుంటే చిక్కు వేరు. తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయాల’లో రాయబారపు పద్యాలు సభలో ఎదుటివాళ్ళను ఉద్దేశించి చదివేవి. దుర్యోధనుడు ఏ వైపున ఉన్నాడో, కర్ణుడు ఎక్కడ కూర్చున్నాడో నటుడు చూపుతోనే తెలియజేయాలి. అది కుదరకుండా రాగం ఎంత తీసినా పద్యం కచేరీ అవుతుందే తప్ప అభినయం కాదు. 1977 నాటి ‘దానవీరశూరకర్ణ’ సినిమాలోని మయసభ ఏకపాత్రను పోటీల్లో ఎత్తుకునేవాళ్ళకు ఇంకో ఇబ్బంది: ఎన్టీఆర్ గొంతును అనుకరించకుండా దాన్ని చెప్పడం చాలామంది వల్ల కాదు. కొత్తవాళ్ళు దాని జోలికి పోకపోవడమే మంచిది.

హక్కుల సంగతి చివర్లో గుర్తుకొస్తుంది, ముందే చూసుకోవాలి. మన కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు రచనకు రక్షణ ఉంటుంది. 1915లో పోయిన గురజాడను ఎవరైనా ఆడుకోవచ్చు. 1989లో పోయిన ఆత్రేయ ‘ఎన్.జి.ఓ.’కు అనుమతి కావాలి. ‘హరిశ్చంద్ర’ కాటిసీనులో తిరకాసు ఉంది. నాటకకర్త బలిజేపల్లి లక్ష్మీకాంతం 1953లోనే పోయారు కాబట్టి ఆయన పాఠం స్వేచ్ఛగా వాడుకోవచ్చు. కానీ ఆ సీనులో నటులు చదివే జాషువా ‘శ్మశానవాటి’ పద్యాలకు 2031 చివరిదాకా హక్కులున్నాయి, ఆయన 1971లో కన్నుమూశారు గనక. టిక్కెట్టు లేకుండా ఔత్సాహిక సమాజం వేసే ప్రదర్శనకు, మతసంస్థ సహాయార్థం అది వేసే ప్రదర్శనకు చట్టం మినహాయింపు ఇస్తుంది. టిక్కెట్టు పెట్టి సొంత ఆదాయానికి ఆడితే అది వర్తించదు.