గృహాచారము, బహిరాచారము: కొత్తరెడ్డిపాలెపు యూదుల వాదముపై విమర్శ

మతాచారము గృహమున జరుపవలసినదా, పదిమంది యెదుట జరుపవలసినదా యను ప్రశ్నము మనకు గ్రొత్త కాదు. విద్వద్గద్వాల యని పేరుగాంచిన సంస్థానసీమలో బెరిగినవారికి నిత్యకర్మ యింటికిని, రథోత్సవము వీధికిని జెందినవని వేఱుగ జెప్ప బనిలేదు. ఈ ప్రశ్నమునకు యూదధర్మ మిచ్చిన సమాధానము మాత్రము భిన్నము. తెలుగునాటనే యున్న యొక చిన్న సంఘముయొక్క వాదమును దూచుటకు అది మిక్కిలి యుపకరించును.

గుంటూరు జిల్లాలో చేబ్రోలు చేరువనున్న కొత్తరెడ్డిపాలెమున బెనె ఎఫ్రాయీము, అనగా ఎఫ్రాయీము సంతతి, యనబడు కొలది కుటుంబములవారు కలరు. వీరి పూర్వులు మాదిగలు. తరువాతి తరములవారు క్రైస్తవమును స్వీకరించిరి. 1980వ దశాబ్ది చివర వీరు తాము యూదులమని బహిరంగముగ బ్రకటించుకొని, 1991లో సమాజమందిరమును నెలకొల్పిరి. ఇశ్రాయేలు లుప్తగోత్రములలో నొకటి తమ మూలమనియు, పూర్వాచారములను తమ పెద్దలు గుట్టుగ నిలుపుకొనిరనియు వీరి వాదము. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అను పరిశోధకులు 2013లో వీరినిగూర్చి యొక గ్రంథమును బ్రకటించిరి.

పూర్వలిఖితసాక్ష్యము చూపబడలేదు కావున నీ వాదము కల్ల యని కొందఱందురు. ఆచారము రహస్య మగుటచేతనే సాక్ష్యము లేదని మఱికొంద ఱందురు. యూదధర్మమున రహస్య మనగా నేమో విచారింపకయే యుభయులును దీర్పు చెప్పుచున్నారని నా తలంపు.

విశ్రాంతిదినపు దీపములు, పస్కా భోజనము, ఆహారనియమములు ఇవి యన్నియు యూదుల యింటి యాచారములే. కాని యా యింటి వాకిలి మూయబడినది కాదు. ధర్మశాస్త్రవాక్యములు గల మెజూజా ద్వారబంధమునకే యమర్పబడును. హనుక్కా దీపమును వాకిట వెలుపల నుంచవలెననియు, అపాయకాలమున లోపల బల్లపై నుంచిన జాలుననియు దాల్మూదు విధించుచున్నది. దానియేలు యెరూషలేమువైపు కిటికీలు తెఱచిన మేడగదిలో బ్రార్థించెనని తెలుగు బైబిలు చదివినవా రెఱుగుదురు. ఆ కథనుబట్టియే కిటికీలు లేని యింట బ్రార్థింపరాదని తాల్మూదు నందొక నిర్ణయము కలదు.

ఇక బహిరంగ మనునది స్థలమునుబట్టి గాక జనసంఖ్యనుబట్టి యేర్పడుచున్నది. పదిమంది యూదులున్నచో నది బహిరంగము. బలాత్కారము సంభవించినపుడు విగ్రహారాధనము, వ్యభిచారము, నరహత్య యను మూడు దక్క దక్కిన విధులను బ్రాణరక్షణకై యతిక్రమింపవచ్చును. పదుగురి యెదుటనైనను, ప్రభుత్వమే మతనిర్మూలనమునకు బూనిన కాలమునందైనను, చెప్పుల త్రాడు కట్టుతీరు వంటి స్వల్పవిషయమున గూడ మరణమునే వరింపవలెను. అల్మొహదు ప్రభువుల నిర్బంధకాలమున, 1165 ప్రాంతమున, మైమోనిడీసు వ్రాసిన లేఖలో నోటిమాట మాత్రము పలికి ప్రాణము దక్కించుకొన్నవానిని నిందింపరాదనియు, వాని రహస్యాచరణము వ్యర్థము కాదనియు నున్నది. అయినను, బహిరంగముగ నాచరింప వీలగు దేశమునకు వాడు తరలిపోవలెనని యా లేఖ శాసించుచున్నది. కావున రహస్యాచారము ఆపద్ధర్మమే కాని పరమధర్మము కాదు.

ఇట్లగుటచే మొదటి పక్షమువారి తీర్పు తొందరపాటు. గుట్టుగ నాచరించుట యూదధర్మమున నెఱుగని విషయము కాదు. వ్రాతలేమి యాచారలేమిని స్థాపింపదు. రెండవ పక్షమువారి వాదమును నిలువదు. ఆపద్ధర్మ మనినపు డాపద యేదో చెప్పవలెను. స్పెయినునందు 1492 తరువాత గుట్టుగ నాచరించిన యూదుల చేష్టలను వారిని హింసించిన మతవిచారణసభల దస్త్రములే నేటికిని దెలుపుచున్నవి. రహస్యమునకును జాడ యుండునని దీనివలన దేలుచున్నది. హీబ్రూ తెలుగులకు బాంధవ్యము గలదను వాదమును సంఘపు పెద్దలు జూపుదురు. కాని 1816లో ఎల్లిసును, 1856లో కాల్డ్వెల్లును ద్రావిడభాషల కుటుంబమును నిరూపించినప్పటినుండి పదముల పోలిక మాత్రము వంశమునకు సాక్ష్యము కాదని పండితులకు విదితమే. ధ్వనుల నియతసంబంధము చూపనిదే భాషాబాంధవ్యము సిద్ధింపదు.

అయినను వారి స్థితిని దలంపక విమర్శ ముగింపరాదు. 1950నాటి రాష్ట్రపతి యుత్తరువు షెడ్యూల్డు కులముల హక్కును హిందువులకు బరిమితము చేసెను. 1956లో సిక్కులును, 1990లో బౌద్ధులును జేర్పబడిరి. యూదుని పేరు అందు లేదు. మాదిగయింట బుట్టినవాడు సర్కారు దస్త్రమున యూదుడనని వ్రాయించుకొన్నచో నా హక్కును గోలుపోవును. ఇంటి పేరొకటి, కచేరి పేరొకటి యైనచో దానిని గపటమని నవ్వుట సులభము. ఇచ్చట ఖడ్గము లేదు గాని కూటి నిర్బంధము కలదు. మైమోనిడీసు చూపిన దయను మనము చూపలేమా?

గోత్రవాదము నిరూపితము కాలేదు, ఆచారము ప్రత్యక్షము. మోయాబురాలగు రూతును జేర్చుకొన్న ధర్మమునకు వంశపత్రిక యొక్కటే ద్వారము కాదు. కావున నా సంఘము గౌరవమునకు లుప్తగోత్రపు కథ యక్కఱలేదు. పదుగురు కూడి, కిటికీలు తెఱచి, ప్రార్థించిన జాలును.