తెల్లనీళ్లు తేటపడకుండా

బేరియం టైటనేట్ పొడిని నీళ్లలో కలపడం ఎవరికైనా వస్తుంది. కలిపింది వారం తర్వాత కూడా పల్చటి మజ్జిగలా తెల్లగా ఉండాలంటేనే కష్టం. ఈ పొడి నీటికంటే ఆరు రెట్లు బరువు. అయినా 100 నానోమీటర్ల రేణువు విడిగా ఉన్నంతకాలం రోజుకు 2.5 మిల్లీమీటర్లు కూడా దిగదు. అవే ఉండకట్టి ఒక మైక్రాన్ సైజుకొచ్చాయా, రోజుకు జానెడు దిగిపోతాయి. కాబట్టి మన గొడవంతా బరువుతో కాదు, ఉండలతో.

సెల్‌ఫోన్ కెపాసిటర్లలో ఎప్పటినుంచో ఉన్న పదార్థమే ఇది. దీన్ని నీళ్లలోకి దింపడమెందుకంటే, ఇన్‌ఫ్రారెడ్ లేజర్ తగిలితే ఈ రేణువులు సగం తరంగదైర్ఘ్యంతో వెలుగు తిరిగిస్తాయి. 800 నానోమీటర్లు పంపితే 400 వస్తుంది. ఫ్లోరసెంట్ రంగుల్లా వెలిసిపోవు. జీవకణాల లోపల చూడటానికి ఇంతకంటే ఏం కావాలి? అలాగని మరీ చిన్నవి చేస్తే ఈ వెలుగుకు మూలమైన ఫెర్రోఎలక్ట్రిక్ గుణమే తగ్గిపోతుంది.

నీళ్లు కాస్త ఆమ్లంగా ఉంటే రేణువు పైపొరలోంచి బేరియం ఊడివస్తుంది. అది విషం, పైగా రేణువుల మధ్య వికర్షణనూ చెడగొడుతుంది. అందుకని క్షారం వైపు ఉంచుతాం. అప్పుడు గాలిలోని కార్బన్ డయాక్సైడ్ చేరి బేరియం కార్బొనేట్ తయారవుతుంది. (ఒకప్పుడు ఎలుకల మందుగా వాడింది దాన్నే.) సీసా మూత బిగించి ఉంచమనేది ఇందుకే.

రేణువులు ఉండకట్టకుండా వాటికి పూత వేయాలి. దానికి నేను ముందు పాలీఅక్రిలిక్ ఆమ్లమే వాడతాను. ఈ పాలిమర్‌లోని కార్బాక్సిల్ గుంపులు రేణువును పట్టుకుంటాయి, మిగిలిన రుణావేశం పక్క రేణువును నెడుతుంది. తక్కువైతే ఒకే గొలుసు రెండు రేణువులను కలిపి కట్టేస్తుంది. ఎక్కువైతే నీళ్లలో మిగిలిన పాలిమరే వాటిని ఒకచోటికి తోస్తుంది. ధ్వని తరంగాలతో ఉండలు విడగొట్టే సోనికేటర్ పెట్టేముందే పాలిమర్ వేయాలి. లేకపోతే విడగొట్టినవి మళ్లీ అతుక్కుంటాయి. గిన్నె చుట్టూ ఐసు ఉండాలి. ఎక్కువసేపు నడిపితే సోనికేటర్ మొన అరిగి టైటానియం తునకలు కలుస్తాయి. తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైతేట వంచేసి, శుద్ధమైన నీళ్లతో కడగాలి. ఎక్కువమంది ఎగ్గొట్టేది ఈ కడుగుడే.

ఇంత చేశాక రేణువుల ఆవేశాన్ని సూచించే జీటా పొటెన్షియల్ మైనస్ 40 మిల్లీవోల్ట్లు వస్తే సంబరపడతారు. శుద్ధమైన నీళ్లలో వచ్చిన ఆ అంకెను నేను పట్టించుకోను. ఒంట్లో ఉన్నది ఉప్పునీళ్లు. ఉప్పు ఆవేశాన్ని కప్పేస్తే, పాలీఇథిలీన్ గ్లైకాల్ లాంటి పొడుగు గొలుసుల పూత లేని రేణువులు గంటల్లో అడుగు చేరతాయి. రిపోర్టులో ‘నిలకడగా ఉంది’ అని రాసేముందు 0.9 శాతం ఉప్పునీళ్లలో వేసి, వారం ఆగి, అప్పుడు సైజు కొలవండి.