సద్దు ఎప్పుడొస్తాంది?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ ఒకే దారి మీది ఊళ్లు. అనంతపురం, కదిరి వైపు నుంచి వచ్చే 42వ నంబరు జాతీయ రహదారి ఈ మూడింటినీ కలుపుకొని, నడుమ పలమనేరును తాకి, తమిళనాడులోని కృష్ణగిరికి పోతుంది. దారి పొడవునా ఊరి మొదట్లోనూ చివర్లోనూ రేకుల షెడ్లు ఉంటాయి. గ్రీజు మరకలతో నల్లబడిన నేల, గోడవారన పాత టైర్ల దొంతర, జాకీ మీద ముందు చక్రాలు గాల్లోకి లేచిన కారు. కుప్పం దగ్గరపడేకొద్దీ నంబరు ప్లేట్ల మీద ఏపీతో పాటు కేఏ, టీఎన్ కూడా కనబడతాయి. షెడ్డులో మాటా అంతే, తెలుగులో మొదలై తమిళంలోకో కన్నడంలోకో ఉర్దూలోకో మళ్లుతుంది.

"అన్నా, ముందర్నించి ఏదో సద్దొస్తాంది" అని బండాయన చెప్పగానే పని తెలిసిన మేస్త్రీ కిందికి దూరడు. "ఎప్పుడొస్తాంది?" అంటాడు. గుంతలో దిగినప్పుడా, స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడా? బ్రేకు తొక్కితేనా, స్టీరింగ్ తిప్పితేనా? పొద్దున్నే చలిలోనా, ఎండెక్కినాకనా? బండాయన మాత్రం వేలు పెట్టి "ఇదిగో, ఎడమ చక్రం దగ్గర" అని చోటు చూపిస్తుంటాడు. మేస్త్రీ తలూపుతాడు గానీ ఆ మాటను పెద్దగా లెక్కలోకి తీసుకోడు.

దానికి కారణం ఉంది. కారు ముందు భాగంలో చక్రాన్ని కింద పట్టుకునే లోయర్ ఆర్మ్ అడ్డంగా ఉండే క్రాస్ మెంబరుకు, క్రాస్ మెంబరు బాడీకి బోల్టులతో బిగించి ఉంటాయి. ఉక్కులో శబ్దం గాలిలో కంటే ఎన్నో రెట్లు వేగంగా, పెద్దగా తగ్గకుండా పాకుతుంది. ఎడమ చక్రం దగ్గర కొట్టుకునే చిన్న కీలు డ్రైవరు కాళ్ల కింద మోగినట్టు అనిపించవచ్చు. అందుకే చోటు విషయంలో చెవి మోసపోతుంది. సమయం విషయంలో అంత సులువుగా మోసపోదు. ఎందుకంటే ఒక్కో భాగం మీద ఒక్కో కదలికలోనే బరువు పడుతుంది. ఏ కదలికలో మోగిందో తెలిస్తే ఏ భాగం ఒత్తిడిలో ఉందో తెలుస్తుంది.

ఈ విద్య ఇప్పుడున్న రూపానికి రావడానికి వెనక బండ్ల మార్పు ఉంది. అంబాసిడర్‌కు ముందు వైపు టార్షన్ బార్లు, జీపుకు కమాను పట్టీలు ఉండేవి. కీళ్లకు గ్రీజు నిప్పిళ్లు ఉండేవి. కిర్రుమంటే గ్రీజు గన్ను పెట్టి కొట్టడమే. ఎద్దులబండి ఇరుసుకు కందెన పూసిన చేతులకు అదేమీ కొత్త పని కాదు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చి, ఇంటి కారంటే అదే అయ్యాక లెక్క మారింది. దాని ముందు చక్రాల మీద ఉన్నది మెక్‌ఫర్సన్ స్ట్రట్. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజినీరు 1940లలో రూపొందించిన ఏర్పాటు అది. 1950లో బ్రిటన్‌లో చూపించిన ఫోర్డ్ కాన్సుల్, జెఫిర్ కార్లతో పేరు తెచ్చుకుంది. షాక్ అబ్జార్బరే నిలువు స్తంభం, దాని చుట్టూ స్ప్రింగు, పైన రబ్బరు మౌంటు, కింద ఒకే ఒక్క ఆర్మ్. తక్కువ భాగాలు, తక్కువ ఖర్చు, ఇంజిన్‌కు ఎక్కువ చోటు. ఇవాళ మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో దాదాపు అన్నీ ఇదే పద్ధతివి. వీటి కీళ్లు మూసేసి ఉంటాయి, గ్రీజు పెట్టే చోటే లేదు. అరిగితే మార్చడమే. దాంతో మేస్త్రీ పనితనం గ్రీజు పెట్టడం నుంచి, ఏది అరిగిందో తేల్చడం వైపు జరిగింది. అరగని దాన్ని మార్చితే సద్దు పోదు, డబ్బు పోతుంది.

అన్నిటికంటే ఎక్కువగా షెడ్డుకు వచ్చే ఫిర్యాదు "టక టక". ఊళ్లో మెల్లగా పోతున్నప్పుడు, గతుకుల సిమెంటు రోడ్డు మీద వినిపిస్తుంది, వేగం అరవై దాటితే వినిపించదు. చాలామంది దీన్ని షాక్ అబ్జార్బర్ అనుకుంటారు. అనుభవమున్న మేస్త్రీ మొదట అనుమానించేది లింక్ రాడ్‌ను. మలుపులో కారు ఒక పక్కకు ఒరగకుండా రెండు చక్రాలనూ కలుపుతూ అడ్డంగా ఒక స్టెబిలైజర్ బార్ ఉంటుంది. దాన్ని స్ట్రట్‌కు తగిలించే జానెడు కడ్డీయే లింక్ రాడ్. దాని రెండు కొసల్లో చిన్న బాల్ జాయింట్లు. వాటిలో వెంట్రుకవాసి వదులు (ప్లే) వచ్చినా మోత మొదలవుతుంది.

దీన్ని పట్టే పద్ధతిలో నాకు చాలా నచ్చే తెలివి ఉంది. స్పీడ్ బ్రేకర్‌ను తిన్నగా ఎక్కిస్తే రెండు ముందు చక్రాలూ ఒకేసారి లేస్తాయి. బార్ మొత్తంగా తిరుగుతుంది గానీ మెలిపడదు, లింకుల మీద బరువు దాదాపు పడదు. అదే స్పీడ్ బ్రేకర్‌ను ఏటవాలుగా, ఒక చక్రం ముందు ఒక చక్రం వెనకగా ఎక్కిస్తే బార్ మెలితిరుగుతుంది, లింకులు లాగుడు పడతాయి. తిన్నగా పోతే మౌనం, ఏటవాలుగా పోతే టక టక అంటే దొంగ లింకులోనో, బార్‌ను పట్టుకునే రబ్బరు బుష్‌లోనో ఉన్నాడు. ఇంకా అనుమానముంటే రెండు వైపులా లింకులు విప్పి పక్కన పెట్టి, అదే వీధిలో మెల్లగా ఒక చుట్టు తిప్పుతారు. సద్దు మాయమైతే కేసు తేలినట్టే. లింకులు లేకుండా మలుపుల్లో కారు బాగా ఒరుగుతుంది కాబట్టి ఈ పరీక్ష వీధి వరకే. మొత్తానికి దీనికైన ఖర్చు నాలుగు నట్లు విప్పిన శ్రమ.

స్పీడ్ బ్రేకర్ మాట వచ్చింది కాబట్టి ఒక మాట. గంటకు 25 కిలోమీటర్ల వేగానికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత ప్రకారం అది 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. మన పల్లెల్లో బడి ముందరా గుడి ముందరా రాత్రికి రాత్రే మొలిచేవి ఏ కొలతకూ అందవు. లింక్ రాడ్లు అమ్మే అంగళ్లు ఆ కట్టలకు రుణపడి ఉన్నాయి.

స్టీరింగ్ తిప్పినప్పుడు వచ్చే "టంగ్" వేరే కథ. స్ట్రట్ పైన మౌంటులో ఒక బేరింగ్ ఉంటుంది. చక్రం తిరిగినప్పుడు స్ప్రింగు కూడా దాంతో పాటు సాఫీగా తిరగడం దాని పుణ్యమే. బేరింగ్ పట్టేస్తే స్ప్రింగు కొంతదూరం మెలిపడి, ఆపైన ఒక్కసారిగా జారి మోగుతుంది. బండి నిలబెట్టి ఒకరు స్టీరింగ్ తిప్పుతుంటే ఇంకొకరు స్ప్రింగు చుట్టు మీద వేళ్లు ఆనించి చూస్తారు, చుట్ల మధ్యకు వేలు పోనివ్వకుండా. మంచి స్ప్రింగు మెత్తగా తిరుగుతుంది, పట్టేసినది చేతి కింద ఎగిరిపడుతుంది. సముద్రమట్టానికి 1,200 మీటర్లకు పైగా ఎత్తున్న హార్స్‌లీ హిల్స్‌కు ఎక్కే ఘాట్ రోడ్డు ఈ జబ్బును బాగా బయటపెడుతుంది. అక్కడ స్టీరింగ్ నిండా తిప్పక తప్పని మలుపులు ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

పలమనేరు నుంచి చిత్తూరుకు దిగే మొగిలి ఘాట్‌లో బయటపడేది ఇంకొకటి. బ్రేకు తొక్కినప్పుడల్లా కింద "దబ్" మని ఒక్క దెబ్బ. అది లోయర్ ఆర్మ్ వెనక బుష్ లక్షణం. బ్రేకు పడగానే చక్రం వెనక్కి పోవాలని చూస్తుంది, దాన్ని పట్టి ఆపేది ఆ రబ్బరే. రబ్బరు చిరిగితే ఆర్మ్ ఇనుముకు తగులుతుంది. ఘాట్ దాకా పోనక్కర్లేదు, షెడ్డు ముందరే తెలుసుకోవచ్చు. బండిని నాలుగడుగులు వెనక్కి పోనిచ్చి బ్రేకు, ముందుకు పోనిచ్చి బ్రేకు. దిశ మారిన ప్రతిసారీ ఒక దెబ్బ వినిపిస్తే చాలు. తర్వాత లివర్ పెట్టి ఎత్తి చూస్తే రబ్బరులో పగులు కనిపిస్తుంది.

బాల్ జాయింట్ చూడ్డంలో మాత్రం చాలా షెడ్లలో తప్పు జరుగుతుంది. మెక్‌ఫర్సన్ కారులో స్ప్రింగు బరువు స్ట్రట్ మీదుగా పోతుంది, కింది బాల్ జాయింట్ మీద పడదు. కాబట్టి బాడీకి జాకీ పెట్టి చక్రాన్ని వేలాడదీసి లివర్‌తో ఎత్తి చూస్తే ప్లే తెలుస్తుంది. ఇన్నోవా లాంటి బండిలో స్ప్రింగు కింది ఆర్మ్ మీదే కూర్చుంటుంది. అక్కడ చక్రాన్ని ఉత్తగా వేలాడదీస్తే స్ప్రింగు ఆ జాయింటును గట్టిగా బిగించి పట్టి ఉంచుతుంది, ఎంత అరిగినా బిగుతుగానే అనిపిస్తుంది. జాకీ ఆర్మ్ కింద పెట్టి స్ప్రింగు బరువు తప్పించాలి. జాకీ ఎక్కడ పెట్టాడో చూస్తే మేస్త్రీ ఏపాటివాడో తెలిసిపోతుంది. ఆపైన చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపడం, పక్కలకు పట్టుకుని ఊపడం. పక్కలకు పట్టినప్పుడు ఊగితే స్టీరింగ్ టై రాడ్ వైపు చూడాలి. పైనా కిందా పట్టినప్పుడు ఊగితే ఒకరిని బ్రేకు తొక్కమనాలి. ఊగడం ఆగితే వీల్ బేరింగ్, ఆగకపోతే బాల్ జాయింట్.

సస్పెన్షన్ కాకపోయినా దాని గొంతుతో పలికేవి కొన్ని ఉన్నాయి. గతుకుల్లో లొటలొటమంటూ, బ్రేకు మీద కాలు అలా ఆనించగానే ఆగిపోతే అవి బ్రేకు ప్యాడ్లు. స్టీరింగ్ నిండా తిప్పి యాక్సిలరేటర్ ఇస్తే కటకటమంటే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్. చక్రం లోపలి వైపు గ్రీజు చిమ్మి ఉంటుంది, అదే సాక్ష్యం. వేగంతో పాటు పెరిగే మోత బండి ఎడమకు తిరిగినప్పుడు హెచ్చితే కుడి వీల్ బేరింగ్, ఎందుకంటే బరువు అటు పడుతుంది. ఇవన్నీ చూడకముందే డిక్కీ ఖాళీ చేయించే మేస్త్రీలంటే నాకు గౌరవం. జాకీ రాడ్డు వదులుగా ఉండి కొట్టుకున్న సద్దుకు స్ట్రట్లు మార్చుకున్న కార్లు ఈ దేశంలో తక్కువేమీ ఉండవు.

మదనపల్లె షెడ్లలో కార్లకంటే ఎక్కువ కష్టం చూసేవి టమాటా బండ్లు. ఆసియాలోనే పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి అక్కడిది. చుట్టుపక్కల తోటల నుంచి బొలెరో పికప్‌లు, టాటా ఏస్‌లు క్రేట్లు నింపుకుని మట్టి దారుల్లో వస్తాయి. ఇవి చాలావరకు ముందువైపూ కమాను పట్టీల బండ్లే. వీటిలో కిర్రుమనేది పట్టీల మధ్య రాపిడి, దబ్బుమనేది పట్టీ కొసను పట్టే షాకిల్ బుష్, టంగుమనేది పట్టీలను ఇరుసుకు బిగించే యూ క్లాంపు వదులైతే. ఖాళీగా పోయేటప్పుడు మోగి, లోడుతో మోగకపోతే బుష్ మీద అనుమానం. లోడుతోనే మోగితే పట్టీ విరిగిందేమో చూడాలి. 2023 జులైలో కిలో టమాటా 200 రూపాయల దరిదాపుల్లోకి వెళ్లినప్పుడు ఏ సద్దుకైనా బండి ఆపే ఓపిక ఎవరికుంటుంది?

కీచుమనే రబ్బరు బుష్‌కు నీళ్ల పరీక్ష ఉంది. అనుమానమున్న బుష్ మీద నీళ్లు చల్లి బండిని ఊపుతారు. కీచు కాసేపు ఆగితే అదే. పట్టిన తర్వాత దాని మీద డీజిలో, పాత ఇంజిన్ ఆయిలో కొట్టడం మాత్రం పాత పాపం. ఖనిజ నూనెకు రబ్బరు ఉబ్బి మెత్తబడి త్వరగా చస్తుంది. ఈ సంప్రదాయంలో పొగడదగినవి ఎన్నున్నాయో వదిలించుకోవాల్సినవీ అన్ని ఉన్నాయి. అరిగిన బాల్ జాయింటును సుత్తితో కొట్టి బిగించడం, వెల్డింగ్ చేయడం ప్రాణాంతకం. ఊడితే చక్రం పక్కకు పడిపోతుంది. స్ప్రింగు కంప్రెసర్ లేకుండా స్ట్రట్ పై నట్టు విప్పడం మేస్త్రీ ప్రాణానికే ముప్పు. ఇంకొకటి చిన్నదిగా కనిపిస్తుంది. లోయర్ ఆర్మ్ బోల్టులను చక్రం గాల్లో వేలాడుతుండగానే పూర్తిగా బిగించేస్తారు. బండి కిందికి దిగగానే కొత్త బుష్ మెలిపడి అలాగే బతుకుతుంది, కొద్ది నెలల్లో చిరుగుతుంది. "డూప్లికేట్ సామాను సార్" అని నింద కంపెనీ మీదికి పోతుంది. నాలుగు చక్రాలూ నేల మీద ఆనాక చివరి బిగింపు చేస్తే ఆ నింద సగం తగ్గుతుంది.

పెద్ద వర్క్‌షాపుల్లో ఆర్మ్‌కు ఒకటి, లింకుకు ఒకటి చొప్పున చిన్న మైకులు తగిలించి, బండి నడుపుతూ హెడ్‌ఫోన్‌లో ఒక్కొక్కటీ వినే పరికరం వాడతారు. మంచి పరికరమే. కానీ మైకులు ఎక్కడ తగిలించాలో తేల్చుకోవాలన్నా ముందు అదే ప్రశ్న అడగాలి, ఎప్పుడొస్తాందని. ఆ ప్రశ్న అడిగే ఓపికకు మన షెడ్లలో కూలి లేదు. మేస్త్రీ బిల్లులో సామాను ధర ఉంటుంది, బిగించిన కూలి ఉంటుంది, అరగంట కూర్చుని విని తేల్చినదానికి వరస ఉండదు. డిక్కీలోని రాడ్డును చుట్టి పెట్టి సద్దు ఆపినవాడికి టీ డబ్బులు దక్కుతాయి, అక్కర్లేని స్ట్రట్లు మార్చినవాడికి వేలు దక్కుతాయి. ఇలాంటి లెక్కలో నిజాయితీగా వినేవాడు ఎన్నాళ్లు వింటాడు? షెడ్డుకు చేరే కుర్రాళ్లు తగ్గారని మేస్త్రీలు వాపోతుంటారు గానీ, వినే పనికి విలువ కట్టకపోవడం కూడా అందుకు ఒక కారణమని నా అనుమానం. తనిఖీకి వేరే రేటు బోర్డు మీద రాసి పెట్టమని నేను ఏ మేస్త్రీకైనా చెబుతాను, ఇవ్వమని బండాయనకూ చెబుతాను.

ఇప్పుడు కరెంటు కార్లు వస్తున్నాయి. ఇంజిన్ మోత లేదు కాబట్టి ఇన్నాళ్లూ దాని చాటున దాక్కున్న టక టకలన్నీ లోపలికి వినిపిస్తాయి. బ్యాటరీ వల్ల బండి బరువూ ఎక్కువే, ఆర్మ్‌లూ బుష్‌లూ మోసేదీ ఎక్కువే. కొన్నవాడు కొత్త బండి కదా అని కంగారుపడి షెడ్డుకు తెస్తాడు. ఇంజిన్ పని పోతుందేమోనని దిగులుపడే మేస్త్రీలకు ఈ ముందుభాగం పని మాత్రం పెరిగేదే గానీ తగ్గేది కాదు.